కాందిశీకుల కథలు: ఒక ప్రూఫ్‌రీడర్ తొమ్మిది పాఠాలు

మా నాన్న 1942లో, రెండో ప్రపంచ యుద్ధంలో, రంగూన్ నుంచి నడిచొచ్చినవాడు. నేను 1947లో విశాఖపట్నంలో పుట్టాను. ఇరవై ఒకటో ఏట మద్రాసు రైలెక్కి, ఒక అచ్చాఫీసులో చేరి, ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడే తెలుగు, తమిళ ప్రూఫులు దిద్దాను. ఇప్పుడు ఏడాదిలో ఆరు నెలలు టొరంటోలో, స్కార్‌బరోలోని మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. చుట్టుపక్కల ఎటు చూసినా శ్రీలంకలోని జాఫ్నా నుంచి వచ్చిన తమిళులే.

మొన్న మనవరాలు వచ్చి, “తాతయ్యా, శ్రీలంక తమిళ శరణార్థుల నవల ఒకటి చదివి క్లాసులో మాట్లాడాలి. నువ్వు ఇలాంటివి చాలా చదివావట కదా. వాళ్ళ కష్టాలేంటో నాలుగు పాయింట్లు చెప్పవా?” అంది. పాయింట్లు రాలేదు, పాఠాలు వచ్చాయి. వాటిలో సగం తప్పు చేసి నేర్చుకున్నవే.

1. ముందు మాట అర్థం తెలుసుకో

తమిళంలో కాందిశీకుణ్ణి ‘అగది’ అంటారు. సంస్కృతంలోని ‘అగతి’ నుంచి వచ్చింది. గతి లేనివాడు అని. మన పత్రికలు ‘కాందిశీకుడు’ అని రాసేవి. చిన్నప్పుడు మా పేటలో మమ్మల్ని ‘బర్మా కాందిశీకులు’ అంటుంటే అదేదో కులం పేరనుకునేవాణ్ణి. అచ్చాఫీసులో చేరాక నిఘంటువు తిరగేస్తే తెలిసింది. ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకి?’ అని. ఎటు పోవాలో తెలియక పరుగెత్తేవాడే కాందిశీకుడు. ఇక శరణార్థి అంటే ఎవరిదో ఒక గుమ్మం దొరికి, తలుపు తట్టి నిలబడ్డవాడు.

మూడు మాటలూ ఒకే మనిషివి. ఇల్లు తగలబడ్డ రాత్రి అతను అగది, దారిలో కాందిశీకుడు, ఆఫీసు వరండాలో శరణార్థి. కథ చదివేటప్పుడు మనిషి ఈ మూడింటిలో ఎక్కడున్నాడో పట్టుకుంటే సగం కథ అర్థమైనట్టే. మంచి రచయిత మూడూ ఒకే పేజీలో చూపిస్తాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నవాడి ముక్కుకు ఇంకా పొగ వాసనే కొడుతుంటుంది.

2. కథ పడవెక్కిన రోజున మొదలవదు

అందరూ 1983 జులై దగ్గర మొదలుపెడతారు. కొలంబోలో తమిళుల ఇళ్ళూ దుకాణాలూ తగలబెట్టిన నెల అది. శ్యామ్ సెల్వదురై ‘ఫన్నీ బాయ్’ (1994) ఆ మంటల దగ్గరే ముగుస్తుంది. ముగుస్తుంది అన్నది గమనించు. దానికి ముందు పుస్తకమంతా పెళ్ళిళ్ళు, బడి, నాటకాలు, పిల్లల ఆటలు. పోగొట్టుకున్నదేమిటో ముందు చూపిస్తేనే పోవడమంటే ఏమిటో తెలుస్తుందని ఆ రచయితకు తెలుసు.

అసలు లెక్క ఇంకా వెనక్కి పోతుంది. 1948 పౌరసత్వ చట్టంతో తేయాకు తోటల్లోని భారతీయ మూలాల తమిళులు లక్షల మంది ఏ దేశానికీ చెందనివాళ్ళయ్యారు. 1956లో సింహళమే అధికార భాష అన్నారు. 1958లో అల్లర్లు. 1964లో సిరిమావో-శాస్త్రి ఒప్పందం కింద 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలని లెక్క తేల్చారు. తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళు అలా నీలగిరుల్లో గూడలూరు, కోతగిరి చేరారు. వాళ్ళలో ఎంతోమందికి ఇండియా అంటే తాతలు చెప్పిన ఊరి పేరు మాత్రమే.

శ్రీలంక తమిళ రచయిత ఎ. శివానందన్ 1958 అల్లర్ల తర్వాత లండన్ చేరాడు. చేరేసరికి అక్కడ నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ళ మీద దాడులు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఆయన నవల ‘వెన్ మెమరీ డైస్’ వచ్చింది 1997లో, ఆయనకు డెబ్బై దాటాక. అందులో మూడు తరాల కథ ఉంది. ఒక్క తరంతో చెబితే అది ప్రమాదంలా కనిపిస్తుంది, మూడు తరాలతో చెబితే ఎవరు, ఎప్పుడు, ఏ చట్టంతో చేశారో కనిపిస్తుంది.

3. మనిషి కన్నా కాగితం బరువు

1990ల్లో మా అచ్చాఫీసు బైండింగు పనికి ఒక జాఫ్నా కుర్రాడొచ్చాడు. ఊరి శివార్లలోని క్యాంపులో ఉండేవాడు. నేను ‘తంబీ’ అనేవాణ్ణి, అతను ‘అయ్యా’ అనేవాడు. క్యాంపులో హాజరు పిలిచే రోజున పనికి రాడు. ఆ రోజు మనిషి కనబడకపోతే పేరు కొట్టేస్తారని భయం.

గుర్తింపు కార్డుని ఒక ప్లాస్టిక్ కవర్లో, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకునేవాడు. ఆ జేబు వాళ్ళమ్మ చేత్తో కుట్టింది. పైన పిన్నీసు. బైండింగు గదిలో మైదా జిగురు ఉడికేటప్పుడు పొయ్యి సెగకి అందరం చొక్కాలు విప్పేసేవాళ్ళం. అతను విప్పేవాడు కాదు. రోజుకి పది సార్లు చెయ్యి గుండె మీదకి పోయేది. దణ్ణం పెట్టుకుంటున్నాడేమో అనుకున్నాను మొదట్లో.

తర్వాత శ్రీలంక తమిళ రచయిత శోభాశక్తి ‘గొరిల్లా’ (2001) చదివాను. ఫ్రాన్సులో శరణు కోరుతూ పెట్టుకునే అర్జీ ఆ నవల్లో ఒక భాగం. అర్జీ భాష ఎలా ఉంటుందో నాకు తెలుసు: ‘మహారాజరాజశ్రీ’ నుంచి ‘చిత్తగించవలెను’ దాకా వంగి వంగి నడిచే భాష. శోభాశక్తి నటించిన ‘దీపన్’ సినిమాకి 2015లో కేన్స్ చిత్రోత్సవంలో పామ్ డోర్ వచ్చింది. అందులో ఒకరికొకరు ఏమీ కాని మగవాడు, ఆడమనిషి, చిన్నపిల్ల చచ్చిపోయిన ఒక కుటుంబం పాస్‌పోర్టులతో భార్యాభర్తలు, కూతురు అయిపోతారు. కాగితాలే వాళ్ళను కుటుంబం చేశాయి. ఆ కుటుంబాన్ని నిజం చేసుకోవడమెలా అన్నదే తర్వాతి కథంతా.

4. తేదీలు తప్పని కథని నమ్మకు

ఇది నా తప్పు. దాచను.

బైండింగు తంబీ అన్న ఒక చల్లని దేశం చేరాడు. తమ్ముణ్ణి పిలిపించుకోవాలనుకున్నాడు. ఆ దేశపు కార్యాలయానికి ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టమని తంబీ నా దగ్గరికొచ్చాడు. ఊరు ఎప్పుడు విడిచావని అడిగితే, “కరుత్త కొళుంబాన్ అయిపోయే వేళ, అయ్యా” అన్నాడు. అది జాఫ్నా మామిడి, వాళ్ళకి మన బంగినపల్లి లాంటిది. నెల చెప్పమన్నాను. “మామిడిపళ్ళు అయిపోయే వేళే” అన్నాడు మళ్ళీ. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి, వాక్యంలో ఖాళీ ఉంటే చెయ్యి ఊరుకోదు. మనకి మామిడి అయిపోయేది జూన్‌లో కదా అని ‘జూన్’ అని రాశాను. అతను గజిబిజిగా చెప్పినదాన్ని ముందు వెనకలు సరిచేసి చక్కగా పేర్చాను. చదివి వినిపిస్తే, “బాగుంది అయ్యా, నా కథలా లేదు” అని నవ్వాడు.

మూడు నెలలకి జవాబొచ్చింది. ఇండియా ఒడ్డున దిగిన రోజు క్యాంపులో రాయించిన వాంగ్మూలంలో ఆగస్టు అని ఉందట. రెండు తేదీలు ఎందుకున్నాయో వివరించమన్నారు. వివరించాం. మళ్ళీ జవాబు రాలేదు.

మా నాన్న కథ ఎప్పుడూ ఒకేలా చెప్పలేదు. తమూ నుంచి మణిపూర్ కొండలు దాటి దిమాపూర్ చేరడానికి ఒకసారి ఇరవై రోజులనేవాడు, ఒకసారి నెలన్నర. దారిలో వదిలేసిన తన చెల్లెలి వయసు ఒకసారి ఆరు, ఒకసారి తొమ్మిది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. పెద్దయ్యాక తెలిసింది, మారనిదొక్కటే ఉందని. ఆ పిల్ల చేతిలో ఇత్తడి గ్లాసు ఉండేది. ప్రతిసారీ ఆ గ్లాసు ఉండేది.

జాఫ్నా తమిళంలో మాట్లాడటాన్ని ‘కదైక్కిరదు’ అంటారు. అంటే వాళ్ళకి మాట్లాడటమంటేనే కథ చెప్పుకోవడం. విచారణ అధికారికి కథ అంటే అబద్ధం. ఈ రెంటి మధ్యే శరణార్థి నలిగిపోతాడు. షారన్ బాల నవల ‘ది బోట్ పీపుల్’ (2018) నిండా ఇదే. అందులో శరణార్జీల మీద తీర్పు చెప్పాల్సిన ఆవిడ జపనీస్ మూలాలున్న కెనడియన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆవిడ కుటుంబాన్నే కెనడా శిబిరాల్లో పెట్టింది. అడిగే కుర్చీలో ఉన్నవాళ్ళ వెనకా ఒక కథ ఉంటుంది, వాళ్ళు మరిచిపోయిన కథ.

5. సముద్రం ఒక రాత్రి, వరండా పదేళ్ళు

తలైమన్నార్ నుంచి ధనుష్కోడికి సముద్రం ముప్పై కిలోమీటర్లు. అదృష్టముంటే ఒక రాత్రిలో దాటొచ్చు. 1983 నుంచి 1987 లోపలే 1,34,000 మందికి పైగా అలా దాటి తమిళనాడు వచ్చారు. ఒడ్డెక్కినవాళ్ళని తీసుకెళ్ళేది మండపం క్యాంపుకి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో సిలోన్ తోటలకి పోయే కూలీలను రోగాలున్నాయేమో అని ఆపి చూసిందీ ఆ మండపంలోనే. పోయేటప్పుడు తాతని నిలబెట్టిన చోటే వచ్చేటప్పుడు మనవణ్ణి నిలబెట్టారు.

ఇండియా 1951 శరణార్థి ఒప్పందం మీద సంతకం చేయలేదు. అందుకే మన దేశంలో ముప్పై ఏళ్ళున్నా, అక్కడే పిల్లలు పుట్టి, ఆ పిల్లలకి పిల్లలు పుట్టినా, చాలామంది క్యాంపు మనుషులుగానే మిగిలారు. 2021లో తమిళనాడు ప్రభుత్వం ‘అగది’ మాట తీసేసి ‘మరువాళ్వు ముగాం’, పునరావాస శిబిరం, అని పేరు మార్చింది. మాట మారడం మంచిదే. హాజరు పట్టీలు మాత్రం అలాగే ఉన్నాయి.

కెనడా దారి ఇంకా పొడుగు. 2010 ఆగస్టులో ‘సన్ సీ’ అనే ఓడలో 492 మంది తమిళులు బ్రిటిష్ కొలంబియా తీరం చేరారు. ఒడ్డు కనబడింది, ఒడ్డున నిర్బంధం కూడా. ‘ది బోట్ పీపుల్’ పుట్టింది ఈ ఓడలోంచే. తండ్రిని ఒక చోట, ఆరేళ్ళ కొడుకుని ఇంకో చోట ఉంచుతారు. తమిళ రచయిత అ. ముత్తులింగం నవల ‘కడవుళ్ తొడంగియ ఇడం’లో జాఫ్నా కుర్రాడు ఏజెంట్ల చేతుల్లో దేశం నుంచి దేశానికి చేతులు మారుతూ ఏళ్ళు గడుపుతాడు. గమ్యం కెనడా. కథంతా గమ్యానికి ఇవతలే. ఇరుకు గదుల్లో పదిమంది వండుకోవడం, ఎవడు ఎప్పుడు వెళ్ళిపోతాడో తెలియకపోవడం, పేకాట, అలకలు, ప్రేమలు. కష్టాన్ని ముత్తులింగం నవ్విస్తూ చెబుతాడు. అది చదివాకే మా నాన్న నడక గురించి చెప్పేటప్పుడు మధ్యమధ్య ఎందుకు నవ్వేవాడో అర్థమైంది.

6. మొహం చూడకు, చేతులు చూడు

శోభాశక్తి ఫ్రాన్సులో గిన్నెలు కడిగాడు, వంట చేశాడు, సూపర్‌మార్కెట్‌లో సరుకులు సర్దాడు. ఇలాంటి పనులు చేసిన రచయిత రాస్తే చేతులు కనిపిస్తాయి. సబ్బునీళ్ళకి ఒలిచిపోయిన వేళ్ళు, రెండో షిఫ్టుకి బస్సులో నిద్ర. జీతంలో ఒక వాటా ఏజెంటు అప్పుకి, ఒక వాటా ఊళ్ళో చెల్లెలి కట్నానికి, ఒక వాటా ఉద్యమం పేర గుమ్మం ముందుకొచ్చి చందా అడిగేవాళ్ళకి.

ఇది ఈ తరంతో మొదలవలేదు. సిలోన్, మలయా తోటలకి తమిళుల్ని తీసుకెళ్ళింది కంగాణీలు. రంగూన్ రేవుకి, ధాన్యం మిల్లులకి మన గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల వాళ్ళని తీసుకెళ్ళింది మేస్త్రీలు. బయానా ఇచ్చి, అప్పు రాసి, ఓడెక్కించారు. మన కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరినీ ‘కోరింగీలు’ అన్నారు. 1930లో రంగూన్ రేవులో పని కోసం జరిగిన అల్లర్లలో చచ్చిపోయింది ఎక్కువగా ఈ కోరింగీలే. తమిళంలో పుదుమైపిత్తన్ 1930ల్లోనే సిలోన్ తోట కూలీల మీద ‘తున్బక్కేణి’ రాశాడు. మా నాన్న రేవు గురించి అంతటి కథ తెలుగులో నా కంట పడలేదు. విశాఖలో బర్మా క్యాంపు అని పేటైతే ఉంది.

7. బాధపడ్డవాడు దేవుడు కాదు

శరణార్థిని మంచివాడిగా, నోరులేనివాడిగా రాసే కథ చదివితే అనుమానించు. శోభాశక్తి పదహారేళ్ళ ప్రాయంలోనే సాయుధ ఉద్యమమైన తమిళ పులుల్లో చేరి, విసిగి బయటికొచ్చినవాడు. సింహళ ప్రభుత్వాన్ని ఎంత తిట్టాడో పులుల్నీ అంత తిట్టాడు. అందుకే రెండు వైపులా శత్రువుల్ని సంపాదించుకున్నాడు.

1990 అక్టోబరులో జాఫ్నా ముస్లింలని పులులు రెండు గంటల్లో ఊరొదిలి పొమ్మన్నారు. వాళ్ళూ తమిళం మాట్లాడేవాళ్ళే. కాందిశీకుల్ని చేసిన చేతుల్లో తమ పిల్లల చేతులూ ఉన్నాయని ఒప్పుకోవడానికి గుండె కావాలి. వి.వి. గణేశానందన్ నవల ‘బ్రదర్‌లెస్ నైట్’ ఆ పని చేసింది. డాక్టరు కావాలనుకున్న జాఫ్నా అమ్మాయి, ఒక్కొక్కరే దూరమయ్యే అన్నదమ్ములు, పులుల ఆసుపత్రిలో పని, అదే పులులకి బలైన టీచరు. 1989లో జాఫ్నాలో కాల్చి చంపబడ్డ డాక్టర్ రజనీ తిరణగామ నీడ ఆ టీచరులో కనిపిస్తుంది. 2024లో ఆ నవలకి విమెన్స్ ప్రైజ్ వచ్చింది.

మా నాన్న కూడా దేవుడేమీ కాదు. కొండదారిలో ఒక ముసలాయన దగ్గర బియ్యం దొంగిలించానని చనిపోయే ముందు ఏడాది చెప్పాడు. ముప్పై ఏళ్ళు చెప్పని మాట. అది విన్నాకే మిగతాదంతా నమ్మాను.

8. మన వీసా బాధని వాళ్ళ బాధ పక్కన పెట్టకు

ఇక్కడ తెలుగువాళ్ళ విందుల్లో అమెరికా నుంచి వచ్చినవాళ్ళు అంటుంటే వింటుంటాను: “మనమూ కాందిశీకులమే కదండీ, గ్రీన్‌కార్డు కోసం పదేళ్ళుగా పడిగాపులు.” పడిగాపులు నిజమే. కానీ మనం డిసెంబర్లో టికెట్ కొనుక్కుని హైదరాబాదులో దిగుతాం. అమ్మ కారు పంపిస్తుంది. ‘ఎప్పుడైనా తిరిగి వెళ్ళొచ్చు’ అన్న ఆ ఒక్క వాక్యమే వలసకీ శరణుకీ మధ్య గోడ. మనకి అది ఉంది, వాళ్ళకి లేదు.

కలిసే చోటు ఒకటుంది, పిల్లల దగ్గర. గణేశానందన్ మొదటి నవల ‘లవ్ మ్యారేజ్’లో అమెరికాలో పుట్టిన అమ్మాయి, ఒకప్పుడు పులుల్లో ఉన్న మేనమామ టొరంటోలో చావుబతుకుల్లో ఉంటే, ఆయన మంచం పక్కన కూర్చుని తన వంశం గురించి తెలుసుకుంటుంది. పెద్దవాళ్ళు చెప్పకపోతే పిల్లలకి ఇల్లు నిశ్శబ్దంగా, కారణం తెలియని కోపంతో నిండి ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే. నాన్న చెప్పులు రాత్రిళ్ళు మంచం పక్కన ముందు భాగం గుమ్మం వైపు తిప్పి ఉండేవి. ఎందుకని ఎవరమూ అడగలేదు.

9. దిద్దకు

ముత్తులింగం నవల ‘ఆనంద వికటన్’లో సీరియల్‌గా వచ్చింది. అప్పటికి నేను రిటైరయ్యాను. తంబీ జుట్టు నెరిసింది, ఇంకా అదే పని, అదే క్యాంపు. వారం వారం కాగితాలు చింపి దాచుకుని, అన్నీ అయ్యాక అతని దగ్గరికి తీసుకెళ్ళాను. మన ఇళ్ళల్లో వారపత్రికల సీరియళ్ళు చింపి కుట్టించుకునేవాళ్ళం కదా, అలాగ. నాలుగు రోజుల్లో కాలికో వేసి, వెన్ను గుండ్రంగా తీసి ఇచ్చాడు. చదివావా అంటే, “కుడుతూ చదివాను అయ్యా. అక్కడక్కడ ఆపి కుట్టాను” అన్నాడు. డబ్బు తీసుకోలేదు.

ఆ పుస్తకం స్కార్‌బరోకి కూడా నా పెట్టెలోనే వచ్చింది. వెనక నాలుగు తెల్ల కాగితాలున్నాయి. బైండింగులో తెల్ల కాగితాలు వేయడం మామూలే, ఎందుకని నేనడగలేదు.

ప్రూఫుల్లో ఒక గుర్తుంది. పొరపాటున కొట్టేసిన మాటని మళ్ళీ ఉంచాలంటే దాని కింద చుక్కలు పెడతాం. ఉన్నది ఉన్నట్టు ఉండనీ అని అర్థం. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ గుర్తు నేను వాడింది చాలా తక్కువ. పాఠాలు రాయడం అయ్యాక మనవరాలికి ఆ పుస్తకం ఇచ్చాను. ఇచ్చే ముందు వెనకున్న మొదటి తెల్ల కాగితం మీద తమిళంలో ‘కరుత్త కొళుంబాన్ అయిపోయే వేళ’ అని రాసి, కింద చుక్కలు పెట్టాను.

“ఇదేంటి తాతయ్యా, ఏ నెల?” అంది.

“అదే నెల” అన్నాను.